కారు దిగిన తోటికోడలు

మా ఇంట్లోకి కారు వచ్చిందని ఊరంతా అనుకుంది. నిజానికి వచ్చింది మా ఇంట్లోకి కాదు, మా తోటికోడలి ఇంట్లోకి. రెండిళ్ళకీ ఒకటే వాకిలి, ఒకటే చేతిపంపు, మధ్యలో మోకాలెత్తు గోడ. పెద్దకోడలిగా తూర్పు వాటా నాది, చిన్నకోడలిగా పడమటి వాటా ఆవిడది. చూసేవాళ్ళకి కారు ఏ వాటాదైతేనేం? "మీకేవండీ టీచరుగారూ, ఇంట్లో కారుంది" అని కూరలమ్మే ఆవిడ కూడా అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కడుపులో మంట లేచేది. దాచుకోవడం ఎందుకు, ఇప్పటికీ లేస్తుంది.

మా మరిది కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు. ఏళ్ళ తరబడి పరాయివాళ్ళ కార్లు తోలీ తోలీ, తన గుమ్మంలో కూడా ఒక కారుండాలని ఫోన్లోనే బేరమాడి కొనిపించాడు. తోలే మనిషి లేని కారు ఏం చేసుకుంటుందిలే, పరదా కప్పి కోళ్ళు గుడ్లు పెట్టుకోవడానికి వదిలేస్తుంది అనుకుని నేను నిశ్చింతగా ఉన్నాను. ఆవిడ చెప్పాపెట్టకుండా అమలాపురం వెళ్ళి డ్రైవింగు స్కూల్లో చేరింది. వీధికుక్క మొరిగితే నా చెయ్యి పట్టుకుని నడిచే మనిషి! వర్షాలు మొదలయ్యేసరికి కాలవగట్టు మీద తెల్ల కారు తోలుకుంటూ వచ్చి, వాకిట్లో ఆపి, "అక్కా, ఒకసారి కూచోండక్కా, అలా తిరిగొద్దాం" అంది. బట్టలు ఆరేసుకోవాలని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజు ఆరేయడానికి నా దగ్గర బట్టలేం లేవు.

నా బాధేమిటో చెబుతాను. ఆ గట్టు మీద బండి నడిపిన మొదటి ఆడమనిషిని నేను.

నేను కోడలిగా వచ్చిన కొత్తలో కాలవ నీళ్ళకి తలుపులేసే లాకుల అవతల ఊళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. బస్సులు ముక్తేశ్వరం వైపు తిరిగేవి గానీ మా గట్టు మీదికి వచ్చేవి కావు. ట్రైనింగు హాస్టల్లో ఉన్నప్పుడు సైకిలు నేర్చుకున్నాను గనక మా ఆయన ఒక లేడీస్ సైకిలు కొనిపెట్టారు. మొదటి రోజుల్లో నన్ను చూసి మగవాళ్ళు నవ్వేవారు. ఆడవాళ్ళు అంతకన్నా ఎక్కువ నవ్వేవారు. నేను తలెత్తకుండా తొక్కుకుపోయేదాన్ని. వాళ్ళ పిల్లలు నా దగ్గర అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాక నవ్వులు ఆగిపోయాయి. ఒకరొకరే సైకిలు దిగడం మొదలుపెట్టారు.

సైకిలు దిగడమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. ఆ గట్టుకి ఒక పక్క కాలవ, ఒక పక్క చేలకి నీళ్ళు పారే పంటబోదె. మధ్యలో దారి ఇంతే. ఎదురుగా పెద్దవాళ్ళు వస్తే చిన్నవాళ్ళు దిగాలి. ఒంటికాలు నేలకానించి ఆగితే అది దిగినట్టు కాదు, పొగరు కింద లెక్క. పూర్తిగా దిగి, హ్యాండిలు పట్టుకుని, వారకు జరిగి నిలబడాలి. ఖాళీ సైకిలూ కొబ్బరికాయల సైకిలూ ఎదురైతే ఖాళీ సైకిలువాడు దిగాలి, ఎందుకంటే కాయల బరువుతో ఉన్నవాడు ఒకసారి దిగితే మళ్ళీ ఎక్కడం చచ్చేచావు. శవం ఎదురొస్తే అందరూ దిగాలి. నడిచే ముసలివాళ్ళ వెనక గంట కొట్టకూడదు, "కొంచెం దారండీ" అని నోటితో అడగాలి. లుంగీ ఎగకట్టినవాడు టీచరు ఎదురైతే సైకిలు దిగి, లుంగీ దించి, "బడికాండీ" అనాలి. నేను "ఆయ్" అని తలాడించి, దిగకుండా సాగిపోయేదాన్ని. ఆ సుఖం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఒంట్లో బాగాలేకపోయినా సెలవు పెట్టకుండా బడికి వెళ్ళిన రోజులున్నాయి. పిల్లల మీద ప్రేమతో అని హెడ్మాస్టరుగారు మెచ్చుకునేవారు. ప్రేమ ఉంది గానీ, గట్టు మీద ఆ దర్జా కూడా ఉంది.

ఆదివారాలు ఆ సైకిలు క్యారియరు మీద మా అత్తగారు కూర్చునేవారు. మామగారు నేను ఆ ఇంటికి రాకముందే పోయారు. మా ఆయన చర్చిలో పెద్ద కాబట్టి బెంచీలు సర్దడానికి ముందే వెళ్ళిపోయేవారు. అత్తగారు రెండు కాళ్ళూ ఒక పక్కకి వేసి, ఒళ్ళో బైబిలు పెట్టుకుని, ఒక చెయ్యి నా నడుం మీద ఆనించి కూర్చునేవారు. ఇంట్లో ఆవిడ నాతో అనే మాటలు రెండే. ఉప్పెక్కువైంది, ఉప్పు తక్కువైంది. కానీ క్యారియరెక్కితే ఆవిడకి నోరు వచ్చేది. నా మొహం కనబడదు, తన మొహం నాకు కనబడదు, అందుకని కాబోలు. వారం తిరక్కుండా పోయిన మొదటి బిడ్డ సంగతి అక్కడే చెప్పారు. ఊడ్పుల్లో తను పాట ఎత్తుకుంటే పక్క చేలోవాళ్ళు పని ఆపేసి వినేవారని అక్కడే చెప్పారు. మామగారు అంబాజీపేట సంతలో జీళ్ళు కొని, వాళ్ళమ్మకి తెలియకుండా తన చేతిలో పెట్టేవారని చెప్పి, నా వీపు వెనకాల ముసిముసిగా నవ్వారు. చర్చి ముందు దిగగానే మూతి బిగించేసేవారు. ఇంటికొచ్చాక నేను ఆ ఊసెత్తితే, "నేనెప్పుడన్నాను?" అని కసిరేవారు.

మా ఆయనకి తెలియని వాళ్ళమ్మ నాకు తెలుసు. ఆ గర్వం నాకుండేది. మా తోటికోడలికి సైకిలు రాదు గనక అందులో ఆవిడకి వాటా లేదు. ఆస్తిలో సగం పంచుకున్నా ఇందులో పంచుకోలేదు కదా అని లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

సైకిళ్ళు ఒక్కరోజున పోలేదు. ముందు మోపెడ్లు వచ్చాయి. మోపెడ్లవాళ్ళు దిగేవారు కాదు గానీ వేగం తగ్గించి, సీటు మీద కొంచెం లేచి కూర్చునేవారు. తరవాత మోటారు సైకిళ్ళవాళ్ళు తల మాత్రం వంచేవారు. హెల్మెట్టు పెట్టుకున్నాక వంచారో లేదో కూడా తెలిసేది కాదు. ఆఖరికి కార్లొచ్చాయి. అద్దాలెత్తిన కారులో ఉన్నవాడికి దారిలో మనిషి కనబడడు, అడ్డు కనబడుతుంది. హారను కొడతాడు. ఎంత చదువుకున్నవాడు కొట్టినా హారనుకి 'అండీ' ఉండదు. నా దగ్గర ఒకటో తరగతి నుంచి చదువుకున్నవాడే ఒకడు, గట్టు మీద గుంటలోని బురదనీళ్ళు నా చీర మీద చల్లేసి వెళ్ళిపోయాడు. ఇక రెండు కార్లు ఎదురైతే చూడాలి తమాషా. వెనక్కెవరు వెళ్ళాలి? ఇద్దరూ ఇంజన్లు ఆపకుండా, ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. వెనక్కెళ్తే తక్కువైపోతారట! సైకిలు దిగినవాళ్ళెవరూ తక్కువైపోలేదు ఆ రోజుల్లో, అని నేను మా బడిలో కొత్త టీచర్లకి చెబితే వాళ్ళు స్కూటీ తాళాలు తిప్పుకుంటూ నవ్వేవారు.

మా తోటికోడలి కారు వచ్చిన కొన్నాళ్ళకే అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువయ్యాయి. అంతకుముందు లేవని అనను. క్యారియరెక్కలేనంత నొప్పులు మటుకు కారొచ్చాకే వచ్చాయి. ఆదివారం పొద్దున్న ఆవిడ తెల్లచీర కట్టుకుని, గోడకి ఇటు పక్క నా సైకిలు వైపు ఒకసారి, అటు పక్క కారు వైపు ఒకసారి చూసి, మోకాలు తడుముకుని, కారు ముందు సీట్లో కూర్చున్నారు. "అక్కా, మీరూ ఎక్కండక్కా" అంది మా తోటికోడలు. నాకు అందులో గాలాడదన్నాను.

ఆ తరవాత ప్రతి ఆదివారం అదే వరస. కారు ముందు వెళ్ళేది, ఖాళీ క్యారియరు టకటకలాడించుకుంటూ నేను వెనక వెళ్ళేదాన్ని. వెనక అద్దంలోంచి అత్తగారి ముసుగు కనబడేది. ఏం చెబుతున్నారో ఆవిడకి? ఊడ్పుల పాట చెప్పేశారా? జీళ్ళ సంగతి కూడానా? ఆ కారు చల్లగా ఉంటుంది, కుదుపులుండవు, తీరిగ్గా ఎన్నయినా చెప్పుకోవచ్చు. ప్రార్థనలో మోకరించినా నా బుద్ధి ఆ కారులోనే ఉండేది. మా ఆయనతో ఒకసారి అంటే, "నీక్కూడా కారు కావాలా ఏంటి?" అన్నారు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చానని సామెత. ఆయనకి సామెత చెప్పినా అర్థం కాదని ఊరుకున్నాను.

ఒకటి మాత్రం నిశ్చయించుకున్నాను. గట్టు మీద ఆ కారు ఎదురైతే చచ్చినా సైకిలు దిగను. హారను కొట్టుకోనీ, కాలవలో పడేసి పోనీ. నలుగురి ముందూ ఆవిడ నాకు హారను కొట్టాలనే నా కోరిక. అప్పుడు కదా అడగవచ్చు, ఇదేనా మర్యాద అని.

ఆ రోజు రానే వచ్చింది. బడి వదిలాక ఇంటికొస్తున్నాను. లాకులు దాటాక గట్టు ఇరుకుగా ఉన్న చోట తెల్ల కారు ఎదురొచ్చింది. అత్తగారికి అమలాపురంలో కళ్ళు చూపించి వచ్చి, మందుల కోసం ఇల్లు దాటి లాకుల అవతలి కొట్టుకి వెళుతోంది. దాని వెనకాల అంబాజీపేట నుంచి కాయలెత్తుకొచ్చిన లారీ. నేను బిగుసుకుని తొక్కుతున్నాను. కొట్టవే హారను, కొట్టు, అని మనసులో అనుకుంటున్నాను.

కారు ఆగింది. ఇంజను కూడా ఆగింది. తలుపు తెరుచుకుని మా తోటికోడలు కిందికి దిగింది. చున్నీ భుజాల మీద సర్దుకుని, కారు పక్కకి వచ్చి, ఒక చెయ్యి బానెట్టు మీద వేసి, గట్టు వారగా నిలబడింది. సరిగ్గా సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడ్డట్టే.

 ఇంతలో కారులో ముందు సీట్లో అత్తగారున్నారని గుర్తొచ్చింది. అత్తగారు ఎదురుగా ఉంటే నేను సైకిలు మీద పోవడం ఎలా? గబుక్కున దిగిపోయాను. దిగనని ఒట్టుపెట్టుకున్నదాన్ని!

"మీరెళ్ళండక్కా" అంది తను.

"అత్తయ్యగారున్నారుగా. నువ్వు పోనియ్యి" అన్నాను.

"అత్తయ్యగారే దిగమన్నారక్కా. అక్క ఎదురొస్తంది, దిగవే అన్నారు. మీరెళ్తేగానీ నేనెలా ఎక్కుతాను?"

లారీవాడు హారను కొట్టాడు. నా వెనక పనివాళ్ళతో నిండిన ఆటో వచ్చి ఆగింది. దాని వెనక రెండు మోటారు సైకిళ్ళు. తను కదలదు, నేను కదలను. లారీ డ్రైవరు కిందికి దిగి, మా ఇద్దర్నీ చూసి, హారను కొట్టినందుకు నొచ్చుకుంటూ, తలకున్న తువ్వాలు తీసేసి, "ఎవురన్నా పోయేరాండీ?" అని మెల్లిగా అడిగాడు. శవం వస్తుంటే దిగి నిలబడ్డామనుకున్నాడు పాపం. ఆటోలో ఆడవాళ్ళు గొల్లున నవ్వారు.

కారులోంచి అత్తగారి గొంతు వినబడింది. "పెద్దమ్మాయ్, నాకు కంట్లో సుక్కల మందేసేరు. ఏటీ కనపట్టంలేదు. నువ్వు సైకిలెక్కేవో దిగేవో నాకేం తెలుస్తది? ఎల్లిపో."

నేను ఎక్కి వెళ్ళిపోయాను. మా తోటికోడలు నేను దాటేదాకా అలా నిలబడే ఉంది.

నాకు దక్కాల్సిన మర్యాద దక్కింది కదా, సంతోషపడాలి కదా. మర్నాటి నుంచి ఊళ్ళో ఎవరి నోట విన్నా ఒకటే మాట. "చిన్నకోడలుగారు కారు దిగి నిలబడ్డారంటండీ! కారుండి కూడా ఎంత మర్యాదండీ!" అని పాస్టరమ్మగారు, "ఈ రోజుల్లో అలాంటి మనిషుంటారాండీ" అని కిరాణా కొట్టాయన. మా బడిలో స్కూటీ టీచర్లు కూడా, "మేడం, మీ తోటికోడలుగారు చాలా గ్రేటండీ" అన్నారు. ఆ గట్టు మీద నేను ఎంతమంది పెద్దవాళ్ళ కోసం సైకిలు దిగాను! కాయలమోతవాళ్ళ కోసం ఎన్నిసార్లు దిగాను! ఒక్కరు మెచ్చుకున్నారా? ఆవిడ ఒక్కసారి కారు దిగితే ఊరు ఊరంతా పొగడ్తే. కారు ఆవిడకి ఉంది, పోనీ. అత్తగారు ఆవిడ పక్కన కూర్చున్నారు, అదీ పోనీ. నాకంటూ మిగిలిన మర్యాద ఒకటుందనుకుంటే దాన్ని కూడా ఎత్తుకుపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు.

ఇక ఉండబట్టలేకపోయాను. అసలు ఆ కారులో అత్తగారు ఏం చెబుతున్నారో తెలుసుకుని తీరాలనుకున్నాను. ఆ తరవాతి ఆదివారం తను "ఎక్కండక్కా" అనడమే తడవు, ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాను. తను ఎంత సంతోషించిందో! ఆ సంతోషం చూస్తే కూడా నాకు కష్టంగానే ఉంది.

చర్చికి వెళ్ళేదాకా అత్తగారు ఒక్క మాట మాట్లాడలేదు. ముందు అద్దంలోంచి దారినే చూస్తూ, సీటుబెల్టు రెండు చేతులతో పట్టుకుని బొమ్మలా కూర్చున్నారు. నేనున్నానని ఊరుకున్నారేమో అనుకున్నాను. చర్చి ముందు ఆవిణ్ణి దింపి, కారు వారగా పెడుతూ మా తోటికోడలే అంది.

"ఎప్పుడూ ఇంతేనక్కా. కారెక్కితే నోరిప్పరు. మీ సైకిలు మీద మటుకు గలగలా మాట్టాడేవోరంట కదా? మా ఆయన చెప్పేరు. నేనే ఏదో ఒకటి అడుగుతా ఉంటాను. ఊ అంటారు, అంతే." తన గొంతు కొంచెం చిన్నబోయింది. "నాతోటి ఏం మాట్టాడాలో తెలీదేమో అత్తయ్యగారికి."

పాపం అనిపించాలి. అనిపించలేదు. ఆ వేళ ప్రార్థనలో ఎంత హాయిగా పాడానో! పక్కావిడ తిరిగి చూసింది.

తిరిగొచ్చేటప్పుడు అత్తగారు, ముందు సీట్లో కాళ్ళు పట్టేస్తున్నాయని, వెనక చాపుకుని కూర్చుంటానన్నారు. అందుకని నేను ముందుకొచ్చాను. ఆవిడ నా వెనకాల. కారు గట్టెక్కింది. కొంత దూరం వెళ్ళాక, సీటు పక్కనుంచి చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది.

"పెద్దమ్మాయ్."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతారని నాకు తెలుసు. మా తోటికోడలు చటుక్కున ఏసీ ఫాను తగ్గించింది, వినబడాలని. నేను నా పక్కనున్న అద్దం దింపేశాను. గాలి హోరున లోపలికి వచ్చింది. అత్తగారు ముందుకి వంగి నా చెవి దగ్గరగా మాట్లాడటం మొదలుపెట్టారు.

"మీ మావ ఈ గట్టు మీద సైకిలు తొక్కింది తక్కువ, దిగింది ఎక్కువ. కామందులొస్తే దిగాలి. మీసాలు రాని ఆళ్ళ పిల్లలొచ్చినా దిగాలి. ఓసారి జొరంతో ఉండి దిగలేదని సైకిలు కాలవలో పడేసేరు. ఆయన కోసం మటుకు ఎవుడూ దిగలేదు, సచ్చిపోయేదాకా."

కారు నెమ్మదిగా వెళుతోంది.

"నీ ఎనకాల మొదటాదోరం కూకున్నాను సూడు. లాకుల కాడ కామందుగారబ్బాయి ఎదురొచ్చి సైకిలు దిగేడు. టీచరుగారు బావున్నారాండీ అన్నాడు. నువ్వు దిగలేదు. తలాడించి ఎల్లిపోయేవు. నేనెనకాల ఏడ్చేను. నీకు తెలిస్తదని, మొకం కాలవేపు తిప్పుకుని ఏడ్చేను. మొన్న కూడా అందుకే దాన్ని దిగమన్నాను. నీ కోసం ఎవురన్నా దిగితే మీ మావ కోసం దిగినట్టుంటది నాకు."

నాకు కళ్ళ ముందు గట్టు కనబడలేదు. ఇన్నేళ్ళూ ఎదురుగా దిగి నిలబడ్డవాళ్ళంతా నా కోసమే దిగారనుకున్నాను. వెనకాల ఒక మనిషి కూర్చుని ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటోందని తెలియలేదు. భుజం మీద చేతిని గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ వెనక్కి తీసుకోలేదు.

"ఏంటక్కా, ఏవంటన్నారు అత్తయ్యగారు?" అంది మా తోటికోడలు, మెడ ఇటు సాచి.

"ఏం లేదు. నువ్వు రోడ్డు చూసి నడుపు" అన్నాను.